చివరి మెట్రోకా, తొలి మెట్రోకా? నెలకు 2,000తో హైదరాబాద్ రాత్రులు

మలక్‌పేట మబ్బు
అందరికీ నమస్తే. నలుగురం, బీటెక్ మూడో ఏడు, ఉండేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో. బయట తిరగడానికి తలా నెలకు 2,000. మాలో మాకు తేలని తగువు ఇది. రాత్రి చివరి మెట్రో అందుకుని వచ్చేసేలా నెలకు నాలుగైదు సాయంత్రాలు పెట్టుకోవాలా? లేక ఒకటో రెండో శనివారాలు తెల్లారేదాకా బయటే ఉండి ఉదయం తొలి మెట్రోలో రావాలా? ఒకడు మాత్రం ఈ రెండూ వద్దు, ఉన్న 2,000 పట్టుకుని ఒక్క శనివారం పబ్బుకు పోదామంటున్నాడు. లెక్కలతో చెప్పండి. "ఎంజాయ్ బ్రో" అని రాసేవాళ్లకు ముందే దండం.

లెక్కల పంతులు
నా ఓటు చివరి మెట్రోకే. ఈ ఊళ్లో రాత్రిపూట జేబుకు చిల్లు పెట్టేది తిండీ కాదు, తాగుడూ కాదు, తిరుగు ప్రయాణం. వెలుగులన్నీ పడమరన, మీ హాస్టల్ తూర్పున. మధ్యలో పాతిక కిలోమీటర్లు.

మెట్రోలో గరిష్ఠ టికెట్ 69. 2025 మేలో ఛార్జీలు పెంచి, వారం తిరక్కముందే 10 శాతం తగ్గించాక తేలిన ధర అది. రాయదుర్గం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు అంతకు మించి పడదు. అదే దారి రాత్రి ఒంటిగంటకు క్యాబ్‌లో అయితే సుమారు 600 నుంచి 800. చినుకు పడిందా, యాప్‌లో అంకె చూసి కళ్లు తిరుగుతాయి. నలుగురు పంచుకున్నా తలా 150–200. నెలలో నాలుగుసార్లు అలా వస్తే తలా 600–800 కారు కిందే పోయాయి.

బైక్ ట్యాక్సీ చవక కదా అనుకునేవాళ్లకు ఒక మాట. అది ఒక్కరికే చవక. నలుగురూ నాలుగు బైకులెక్కితే ఒక క్యాబ్ కన్నా ఎక్కువే అవుతుంది, పైగా ఎవడు ఎప్పుడు చేరాడో తెలియదు. ఒకరైతే బైకు, ఇద్దరైతే ఆటో, ముగ్గురు దాటితే కారు. దీన్ని బయల్దేరే ముందే తేల్చుకోవాలి, పబ్బు గేటు దగ్గర కాదు.

నయాపూల్ భాయ్
పంతులు సార్, మీ లెక్క సగమే. మెట్రో బందయ్యేది 11కు, మళ్ల షురూ అయ్యేది పొద్దుగాల 6కు. పైసలు తినేది ఈ నడుమ బయల్దేరుడు. 12కు, 1కి ఇంటికి పోదామనేటోడే మునుగుతడు. తెల్లారేదాంక ఉన్నోనికి పోనూ మెట్రోనే, రానూ మెట్రోనే. నెలకు ఒక్క శనివారం చాలు తమ్మీ, గిట్ల చేయుండ్రి.

దిల్‌సుఖ్‌నగర్‌కెళ్లి ఎంజీబీఎస్‌కు (మహాత్మాగాంధీ బస్టాండు) ఒకటే లైను, మారే పని లేదు. ఆడ దిగి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టీ మీదికెళ్లి నడుసుకుంట పోతే చార్మినార్ రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఏడు గంటలకు దిగితే సరిపోతది. లాడ్‌బజార్ గాజుల దుకాణాల లైట్లు చూసుడు ముఫత్. చార్మినార్ పక్కన్నే నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. తలా 50 పెడితే గంట నిలబడొచ్చు. కూసుండే జాగ తక్కువ, నిలబడి తాగుడే రివాజు. తిండి పెద్దగ తినాల్నంటే మండీ (అరబ్బుల మాంసం అన్నం) ఆర్డర్ చేయుండ్రి. నలుగురికి నాలుగు ప్లేట్లు చెప్పకుండ్రి, ముగ్గురిది చెప్పి ఒకటే పళ్లెంల తినుండ్రి. మండీ పుట్టిందే గట్ల తినేతందుకు. అసలు రుచి బార్కస్‌ల ఉంటది గని ఆడికి మెట్రో లేదు, ఆటో ఖర్చు లెక్కేసుకోండ్రి.

పదింటికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల సెకండ్ షో. ఒంటిగంట దాంక ఏసీల కూసుంటరు. గాడికెళ్లి మూడున్నర దాంక ఒక్కటే ఖాళీ. చానా మంది ఈ రెండున్నర గంటలకు తట్టుకోలేక క్యాబ్ బుక్ చేసి ఓడిపోతరు. ఆ టైముల ఎంజీబీఎస్ బస్టాండుకు రాండ్రి. రాత్రంత తెరిచే ఉంటది, కుర్చీలుంటయి, చాయ్ ఉంటది, బాత్రూం ఉంటది. రైల్వే స్టేషన్ అయితే ప్లాట్‌ఫాం టికెట్ 10 రూపాయలు, గది రెండు గంటలకే చెల్లుతది, యాదుంచుకోండ్రి.

మూడున్నర, నాలుగుకు మొజంజాహీ దిక్కు నడుస్తే రామ్ కీ బండి. వెన్న దోశ, చీజ్ దోశ, తవా ఇడ్లీ. తలా వంద, నూటయాభై. ఐదు దాటినంక నయాపూల్ దిక్కు హోటళ్లల్ల పాయా, నహారీ, కీమా రోటీ. 6 గంటలకు ఎంజీబీఎస్‌ల మెట్రో. మొత్తం కలిపి తలా 700 దాటదు, సినిమాతో సహా.

రోడ్డు నెం. 36
బస్టాండులో కునికిపాట్లు పడటాన్ని నైట్‌లైఫ్ అంటున్నారా భయ్యా? అదైతే రాత్రి బస్సు తప్పిపోయినవాడు రోజూ చేస్తున్నాడు.

పబ్బుకు పోదామన్న ఆ నాలుగోవాడు తప్పేం అనలేదు, శనివారం అనడమే తప్పు. శనివారం రాత్రి నలుగురు మగపిల్లలు గేటు దగ్గర నిలబడితే "స్టాగ్ ఎంట్రీ లేదు", అంటే ఒట్టి మగవాళ్లను రానివ్వం అని పంపేస్తారు. రానిచ్చినా లోపలికి వెళ్లడానికి కవర్ ఛార్జీ తలా 1,500, 2,000 అలా చెప్తారు. అదే మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఆరింటికి వెళ్తే చాలా చోట్ల కవర్ ఉండదు, హ్యాపీ అవర్స్‌లో ఒకటికి ఒకటి ఇస్తారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్లో దిగితే పబ్బులుండే రోడ్డు నెం. 36 నడిచే దూరమే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు మాత్రం పోకండి. అక్కడికి మెట్రో లేదు, రాయదుర్గం నుంచి మళ్లీ ఆటో కట్టాలి.

కవర్ కట్టాల్సి వస్తే గేటు దగ్గరే మూడు అడగాలి. ఎంత భాగం తిండికి, తాగుడికి వాడుకోవచ్చు? పన్నులు అందులోనే కలిసున్నాయా, బయటా? ఏవేవి ఆ కవర్‌తో ఇవ్వరు? మిగిలింది తిరిగి ఇవ్వరు, ఆ రాత్రికే చెల్లుతుంది. అందుకే చివరి అరగంటలో అక్కర్లేని నాచోస్ మూడు ప్లేట్లు టేబుల్ మీద కనిపిస్తాయి. బాటిల్ నీళ్లు అడక్కుండానే తెచ్చి పెడతారు, మూత తీయక ముందే "మామూలు నీళ్లివ్వండి" అనండి. సీసా మీద ఉన్న ఎమ్మార్పీ చూపించి వాదించి లాభం లేదు. హోటళ్లు, రెస్టారెంట్లు అంతకు మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది.

బిల్లులో తిండికి 5 శాతం జీఎస్టీ. మద్యానికి జీఎస్టీ ఉండదు, వ్యాట్ వేరు. సర్వీస్ ఛార్జ్ అని ఇంకో 10 శాతం కనిపిస్తే తీసేయమనండి, దబాయించాల్సిన పని కూడా లేదు. దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్.

చట్టం చుట్టం
36 గారూ, బాగానే చెప్పారు గానీ మొదటి మెట్టే వదిలేశారు. బీటెక్ మూడో ఏడు అంటే 20 ఏళ్లు. తెలంగాణలో మద్యం అమ్మడానికి కనీస వయసు 21. ఈ నలుగురికీ మీ హ్యాపీ అవర్స్ నిమ్మకాయ సోడాకే. స్నేహితుడి ఆధార్ చూపిస్తే పోయేది గేటు దగ్గర పరువు ఒక్కటే కాదు, అది కేసు. కాబట్టి మబ్బు గారి ప్రశ్నలో పబ్బు అనేది ఇంకో ఏడాది దాకా లేదు, అంతే.

21 దాటినవాళ్లకు ఇంకో రెండు. బార్లు మామూలు రోజుల్లో రాత్రి 12కు, శుక్ర, శనివారాల్లో ఒంటిగంటకు మూస్తారు. చివరి ఆర్డర్ అంతకు అరగంట ముందే. రూఫ్‌టాప్‌లో బ్యాండు వినడానికి వెళ్లేవాళ్లు తొమ్మిదిన్నరకు చేరితే ఖర్చు దండగ. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట స్పీకర్లు మోగకూడదు. ఏడున్నరకు కూర్చుంటేనే పాట దక్కుతుంది. ఈ లెక్కన పబ్బు వాళ్లకైనా చివరి మెట్రోయే సరైనది.

ఇక బండి తీసుకెళ్దాం, క్యాబ్ ఖర్చు మిగులుతుంది అనేవాడు గుంపుకు ఒకడుంటాడు. తాగి నడిపేవాళ్లకు పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్. ఒక్క బీరుకే దాటొచ్చు. దొరికితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బండి అక్కడే ఆపేస్తారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కు హాజరవ్వాలి. నాన్నగారితో కలిసి ఆ బెంచీ మీద కూర్చోవడం కన్నా క్యాబ్ 800 చవక.

వెన్నెల_కేపీహెచ్‌బీ
ఇప్పటిదాకా రాసినవన్నీ మగపిల్లల లెక్కలే. నయాపూల్ అన్నా, మీ రూటు నోరూరించేలా ఉంది, కానీ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నలుగురు అమ్మాయిలు బస్టాండులో కూర్చోవడం, తర్వాత చీకట్లో మొజంజాహీకి నడవడం అనేది రాసినంత తేలిక కాదు. అమ్మాయిల హాస్టల్లో గేటు 9:30కో 10కో మూస్తారు, ఊరికి వెళ్తున్నామని సంతకం పెట్టించుకుంటేనే రాత్రి బయట ఉండేది. కాబట్టి మాకు తొలి మెట్రో వాదన చర్చలోకే రాదు. చివరి మెట్రో కూడా కాదు, గేటు మూసేలోపు చేర్చే రైలే మాకు చివరిది.

మాకున్న ఒకే ఒక్క లాభం బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉండాలి, ఒరిజినల్ చేతిలో ఉండాలి. ఆంధ్ర చిరునామా ఉన్న అమ్మాయిలు ఇక్కడే బోల్తా పడతారు. మెట్రో రైల్లో ఇది చెల్లదు, పేరు చూసి "మెట్రో ఎక్స్‌ప్రెస్" అంటే రైలనుకుంటారు కొత్తవాళ్లు. తొమ్మిదిన్నర దాటాక బస్సులు పలచబడతాయి, పదిన్నర తర్వాత నమ్ముకోకూడదు.

లేడీస్ నైట్ ఉచితం కదా అనేవాళ్లకు: ఉచితం ఒకటి రెండు రకాలకే, అదీ ఒక వేళ వరకే, వయసు నిబంధన అక్కడా అదే. ఆ వేళ దాటే సరికి బస్సూ ఉండదు, రైలూ ఉండదు, 400 పెట్టి క్యాబ్.

క్యాబ్‌లో ఒంటరిగా వచ్చేటప్పుడు పోలీసుల టీ-సేఫ్ వాడండి. 2024 మార్చిలో మొదలైంది, 100కు చేసి 8 నొక్కినా పని చేస్తుంది, ప్రయాణం ముగిసేదాకా కనిపెట్టుకుని ఉంటారు.

తొమ్మిదిన్నర లోపు ముగిసేవి ఈ ఊళ్లో లేవా అంటే బోలెడు. బంజారాహిల్స్ రోడ్డు నెం. 1లో లామకాన్. నాటకాలు, ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం), సినిమా ప్రదర్శనలు, చాలావరకు ఉచితం, టికెట్ ఉన్నా అందుబాటులోనే. సమోసా, చాయ్‌తో కడుపు నింపుకోవచ్చు. సోమవారం సెలవు. రవీంద్రభారతిలో కూచిపూడి, పద్యనాటకం తరహా కార్యక్రమాలు చాలావాటికి టికెట్టే ఉండదు. లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు రెండూ దగ్గరే. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఉండనే ఉంది. 1938 నుంచి నడుస్తున్న ఆ ఎగ్జిబిషన్‌కు గాంధీభవన్ స్టేషన్లో దిగితే గేటు కనిపిస్తుంది. లోపల చేతిలో డబ్బు నిలవదు, అందుకే 300 రూపాయల నగదు మాత్రమే తీసుకెళ్లి ఫోన్‌లో చెల్లింపులు బంద్ చేసుకోండి.

నయాపూల్ భాయ్
అక్కా, నువ్వన్నది నిజం. ఆడపిల్లలకు గా రూటు నేను చెప్పను. మగపోరగాళ్లకు గుడ ఒక హెచ్చరిక. పాతబస్తీల రాత్రి రెండింటికి చబుత్రల (అరుగుల) మీద గుంపుగ కూసుంటే పోలీసోళ్లు ఎక్కించుకపోతరు. ఆపరేషన్ చబుత్రా అంటరు దాన్ని. తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తరు. కాలేజీ కార్డు జేబుల పెట్టుకోండ్రి, ఏడ్నో తింటుండాలె, లేదంటే నడుస్తుండాలె. ఊకె కూసోవద్దు.

రంజాన్ నెల వేరే. ఆ నెలల ఒంటిగంట ఖాళీ అన్నదే ఉండది. మదీనా నుంచి శాలిబండ దాంక సహర్ (తెల్లారకముందు తినే) వేళ వరకు దుకాణాలు తెరిచే ఉంటయి, పిల్లాజెల్లతోని కుటుంబాలకు కుటుంబాలే తిరుగుతుంటయి. ఏడాదికి ఒక్క రాత్రే బయట ఉండాల్నంటే గప్పుడు ఉండుండ్రి. హలీం ఇఫ్తార్ అయినంక వెంటనే కొనకుండ్రి, లైను గంట పడతది. తొమ్మిదిన్నర తర్వాత పోండ్రి. ఒక ప్లేటు ఇద్దరికి మస్తు. గోధుమలు, మాంసం, నెయ్యి గంటల తరబడి దంచి చేసింది, ఒక్కనికి ఫుల్ ప్లేటు తింటే నడవనీయదు.

బాల్కనీ టికెట్
సెకండ్ షో లెక్క ఎవరూ చెప్పలేదు కాబట్టి. 2021 డిసెంబరు నాటి జీవో 120 ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠ ధర 150, మల్టీప్లెక్స్‌లో 250, రిక్లైనర్ 300. దానిపై జీఎస్టీ 18 శాతం. అంటే సింగిల్ స్క్రీన్ 177, మల్టీప్లెక్స్ 295. 100 లోపు టికెట్‌కు పన్ను తక్కువ, ముందు వరుసలు అందులోకే వస్తాయి. పెద్ద హీరో సినిమాకు మొదటి రోజుల్లో ప్రత్యేక జీవోతో పెంచుతారు, సోమవారం దాకా ఆగితే డబ్బూ మిగులుతుంది, చెవులూ మిగులుతాయి. కౌంటర్‌లో కొంటే యాప్ వాడి కన్వీనియెన్స్ ఫీజు ఉండదు. సంధ్య, దేవి, సుదర్శన్ అన్నీ ఒకే చౌరస్తా చుట్టూ ఉన్నాయి, ఒకదాంట్లో దొరక్కపోతే పక్కదానికి నడవడమే.

మీరు దిల్‌సుఖ్‌నగర్ కాబట్టి అదృష్టవంతులు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్‌కు ఎంజీబీఎస్‌లో ఒక్కసారి రైలు మారితే చాలు. ఫస్ట్ షో 6:15కు చూసి తొమ్మిదిన్నరకు బయటికొస్తే మెట్రోకు తీరిగ్గా గంటన్నర. సెకండ్ షో చూసినా మీకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లే, నలుగురికి క్యాబ్ తలా 60. మాదాపూర్‌లో మల్టీప్లెక్స్‌కు పోయి సెకండ్ షో చూసేవాడికి టికెట్‌కన్నా ఇంటి దారి ఎక్కువ.

లెక్కల పంతులు
ఇది ఒప్పుకుంటున్నా. నేను అన్నది "11 లోపు" కాదు, "దూరం లోపు" అని మార్చుకుంటా. పది కిలోమీటర్ల లోపు అయితే ఒంటిగంట అయినా నష్టం లేదు. గచ్చిబౌలి డీఎల్ఎఫ్ ఎదురు వీధికి తిండికోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాత్రి పది తర్వాత బయల్దేరడం మాత్రం శుద్ధ దండగ. 120 రూపాయల ఫ్రైడ్ రైస్‌కు 200 దారి ఖర్చు. అది ఆ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండేవాళ్ల వీధి. మీకు కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ బండ్లున్నాయి.

అర్ధరాత్రి తిండి గురించి ఇంకో మాట. ఒంటిగంట దాకా హోటళ్లు తెరుచుకోవచ్చని 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే చెప్పారు, మద్యం దుకాణాలకు కాదు. అయినా గల్లీ బండ్లను పదకొండున్నరకే మూయిస్తే ఆశ్చర్యపోవద్దు. ఆకలితో ఒంటిగంటకు వెతుక్కోకుండా పదిన్నరకే తినేయండి.

బాక్స్ క్రికెట్
తెల్లారేదాకా ఉండాలనుకునేవాళ్లకు బస్టాండు కన్నా టర్ఫ్ (గంటల లెక్కన అద్దెకిచ్చే ఆట మైదానం) మేలు. గంటకు సుమారు 1,000–1,500, పన్నెండు మంది అయితే గంటకు తలా వంద అటూ ఇటూ. మీ హాస్టల్ పక్కనే చూసుకోండి, రెండింటికి ముగిస్తే నడిచి వస్తారు. ఫ్లడ్‌లైట్ ఛార్జీ వేరా అని అడగండి. వేరే టీముతో పంచుకుంటే డబ్బులు ముందే వసూలు చేయండి, ఆట అయ్యాక ఓడినవాడి యూపీఐ ఎప్పుడూ పని చేయదు.

మలక్‌పేట మబ్బు
అందరికీ థాంక్స్. 21 సంగతి మా నాలుగోవాడికి చూపించా, వాడి పుట్టినరోజు వచ్చే జూన్‌లో. ఇప్పటికి నెలకు రెండుసార్లు ఫస్ట్ షో లేదా లామకాన్, ఒక శనివారం నయాపూల్ అన్న రూటు అనుకుంటున్నాం. ఒక్క డౌట్. లామకాన్ కాకుండా రాయదుర్గం వైపు పోయినప్పుడు, 11కు అక్కడ చివరి రైలు ఎక్కితే అమీర్‌పేటలో ఎల్బీనగర్ రైలు దొరుకుతుందా?

లెక్కల పంతులు
దాని మీద పందెం కాయొద్దు. 11 అనేది టెర్మినల్‌లో బయల్దేరే సమయం. రాయదుర్గం నుంచి అమీర్‌పేట దగ్గరదగ్గర 20 నిమిషాలు. మీకు కావాల్సిన చివరి రైలు అదే 11కు మియాపూర్‌లో బయల్దేరి అదే 20–25 నిమిషాలకు అమీర్‌పేట చేరుతుంది. మధ్యలో మీరు దిగాలి, అంతస్తు మారాలి, ప్లాట్‌ఫాం వెతకాలి. మియాపూర్ వైపు పోయేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, వాళ్ల రైలు ఎల్బీనగర్ నుంచి రావాలి కాబట్టి ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. మీరు మాత్రం రాయదుర్గంలో 10:40కి ఎక్కండి. టికెట్ వాట్సాప్‌లో ముందే తీసుకోండి, ఆ వేళ కౌంటర్ దగ్గర లైను ఉంటే అదే మిమ్మల్ని క్యాబ్ ఎక్కిస్తుంది.

నయాపూల్ భాయ్
దిల్‌సుఖ్‌నగర్‌ల దిగేసరికి పదకొండున్నర దాటుతది తమ్మీ. హాస్టల్ గేటు సంగతి ఏంది? వార్డెన్‌కు ముందుగాల్నే చెప్పి పెట్టుకోండ్రి, లేకపోతే మెట్రో దొరికినా పండుకునేది మళ్ల ఎంజీబీఎస్‌లనే.